సామేలు బావ చైనుకు నేను పెట్టిన వాలు

పోరుమామిళ్ల దగ్గర జామాయిల్ తోట నుంచి

ఇందుమూలంగా మా అక్క మరియమ్మకు, మా అమ్మకు, గోడ అవతల చెవి పెట్టుకొని కూర్చునే రాహేలమ్మకు, చర్చి అరుగు మీద పొద్దుపుచ్చే పెద్దలందరికీ తెలియజేయడమేమంటే, మీ జక్కరయ్య మీసం తీసేశాడు. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. పూర్తి తెలివితో, పగిలిన అద్దం ముందు, సాటి కూలి ఓబులేసు సాక్షిగా జరిగింది. కట్టెపొట్టు మీసంలో చేరి, చెమటకు తడిసి, ఎండకు గట్టిపడి, నేను తుమ్మినప్పుడల్లా పక్కవాడి సంగటిలో రాలుతోందని సాటివాళ్ళు అభ్యంతరం చెప్పారు. కాబట్టి ఇకమీదట ఆ మీసం ప్రస్తావన వచ్చినప్పుడు ఊరివాళ్ళు తలగుడ్డ తీసి ఒక నిమిషం మౌనంగా నిలబడవలసింది. దండోరా ముగిసింది.

అక్కా, ప్రభువు పేరిట నీకూ అమ్మకూ వందనాలు. నేను బాగున్నాను. నువ్వు నమ్మవు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను, బాగున్నాను. అమ్మ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? నేను పంపిన తైలం రాస్తోందా, లేక పండక్కి దాచిపెట్టిందా? ఎనుము ఈనిందా? మన పక్క ఒక్క వానైనా పడిందా? నీ మణికట్టు ఎట్లా ఉంది? సంగటి నువ్వే కెలుకుతున్నావా, ఇంకా అమ్మే కెలుకుతోందా? ఈ ఆఖరు దానికి నిజం చెప్పు. మిగతావాటికి అబద్ధం చెప్పినా పరవాలేదు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులో నేను రెండు మాటలు అనేలోపు అమ్మ లాక్కొని స్పీకరు పెడుతుంది. అప్పుడు వీధి వీధంతా నా క్షేమం తెలుసుకుంటుంది. పైగా పోయిన వారం నువ్వు ఎనుముల కొట్టంలోకి పోయి, గొంతు తగ్గించి, ఒక మాట అడిగావు. "ఒరే జక్కా, మీ బావ మారినాడంట, నిజమేనా? నేను మల్లా కాపురానికి పోవల్నా, వద్దా?" అన్నావు. నేను "హలో, హలో, సిగ్నల్ లేదక్కా" అని పెట్టేశాను. సిగ్నల్ నిండుగా ఉంది. 

ఈ ఆదివారం ఆరాధన అయినాక సంఘ పెద్దలు కూర్చుంటారని, నిన్ను మధ్యలో నిలబెట్టి మొగునితో పోతావా పోవా అని అడుగుతారని అమ్మ చెప్పింది. వాళ్ళకు నువ్వు చెప్పవలసింది ఒక్క మాటే. ఆ మాట చెప్పేముందు ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియాలి. ఓపికగా చదువు. మధ్యలో నవ్వొస్తే నవ్వు. దెబ్బ తిన్నది నువ్వు కాబట్టి మొదట నవ్వే హక్కు నీదే.

ముందు మా చోటు గురించి చెబుతాను. మన పడమటి పక్క మాదిరి నల్లరేగడి కాదు ఇక్కడ, ఎర్రమన్ను. కొండలు దగ్గరగా కనపడతాయి కానీ ఒక్క చల్లగాలి కూడా పంపవు, పిసినారి కొండలు. ఎండ మాత్రం మన ఊరిదే, నా వెనకే బస్సెక్కి వచ్చినట్టుంది. జామాయిల్ చెట్టుకు నీడ కూడా ఉండదక్కా. ఆకు నిలువుగా వేలాడి ఎండను నేరుగా మన నెత్తి మీదికి దింపుతుంది. తోటంతా జలుబుకు పూసుకునే మందు వాసన. ఇక్కడ జలుబు చేసినవాడు లేడు, మిగిలిన రోగాలన్నీ ఉన్నాయి.

చెట్లు కోసే మిషన్లు బండిలో వేసుకొని పోతుంటే చెక్‌పోస్టు దగ్గర ఆపుతారు, ఎర్రచందనం దొంగలమేమో అని. పోయినసారి ఒక కొత్త పోలీసు నా ఆకురాయి తీసి "ఇదేందిరా?" అన్నాడు. "మా ఊర్లో దీంతోనే పండ్లు తోముకుంటాం సార్" అన్నాను. అందరినీ పంపించి నన్నొక్కణ్ణి ఎండలో నిలబెట్టాడు. అయినా ఆ మాట అన్నందుకు నాకు బాధ లేదు.

తిండికి లోటు లేదు. ఓబులేసు అని అహోబిలం పక్క మనిషి, వంటా వాడే, కోతా వాడే. వాడి సంగటి ముద్ద విసిరితే కుక్క చస్తుంది, కుక్కలకు తెలుసు కాబట్టి మా రేకుల షెడ్డు వైపు రావు. పెళ్ళాం బిడ్డలు లేనివాణ్ణి, నా నోరు చూసి ఎవతీ చేసుకోలేదు, నాకు ఒంటరితనమేమిటని నువ్వంటావు. సాయంత్రం మిషన్లన్నీ ఆగినాక చెవుల్లో మోత కాసేపు ఉంటుంది. అది కూడా ఆగిపోయినాక కొంచెం బాగుండదు. అంతే. బాగున్నాను.

ఇప్పుడు నా పని. ఇది అర్థమైతే గానీ తరువాతిది అర్థం కాదు. మా మేస్త్రీ మాబూ భాయ్ నా నడుము నొప్పి చూసి కోత మాన్పించి, చైన్లు పదును పెట్టే పని ఇచ్చాడు. ఒక మొద్దుకు గాడి కోసి, అందులో చైను చుట్టూ తిరిగే మిషను బద్దను ఇరికించి, ముందర ఇంకో మొద్దు మీద కూర్చుంటాను. సన్నటి గుండ్రటి ఆకురాయి, దానికి మొక్కజొన్న బెండు పిడి. కోత మిషను చైనుకు పళ్ళుంటాయి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, చర్చిలో ఆడామగా వేరేగా కూర్చున్నట్టు. ఒక్కో పంటిని లోపలినుంచి బయటికి తోయాలి. తోసినప్పుడే రాయాలి, వెనక్కి లాగేటప్పుడు తగలనివ్వకూడదు. తగిలితే పన్నూ చెడుతుంది, ఆకురాయీ చెడుతుంది.

అసలు విద్య వాలులో ఉంది. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారు కోణమానిని పెట్టి నా చేత కోణాలు గీయించబోయి, చివరికి దానితోనే నా నెత్తి మీద కొట్టాడు. ఇప్పుడు చూడు, కోణాల మీదే బతుకుతున్నాను. మాబూ భాయ్ నాకు తన చేతి గడియారం చూపించి నేర్పాడు. ఆకురాయి బద్దకు నేరుగా అడ్డం పెడితే అది పన్నెండు. అక్కణ్ణించి ఒంటిగంటకు తిప్పితే ముప్పై డిగ్రీలు. జామాయిల్ లాంటి పచ్చికట్టెకు అది సరిపోతుంది, పన్ను కొన తేలి వెన్నలో దిగినట్టు దిగుతుంది. తుమ్మకూ చింతకూ ఆ కొన నిలవదు, మొద్దుబారుతుంది. వాటికి ఒంటిగంట కొట్టకముందే ఆగాలి, ఇరవై ఐదు దగ్గర. మానును నిలువునా పలకలుగా చీల్చాలంటే పన్నెండు దాటీ దాటకముందే, పది చాలు. నాకు గడియారం అక్కర్లేదు ఇప్పుడు. చెట్టు పేరు చెబితే చెయ్యి అదే తిరుగుతుంది.

పదును బాగుంటే మిషను కొబ్బరికోరు మాదిరి పొట్టు చిమ్ముతుంది. పదును పోతే రాగిపిండి రాలుస్తుంది. ఇంకొక సంగతి, ఇదే ముఖ్యం. కుడి పళ్ళు, ఎడమ పళ్ళు ఒకే పొడవు, ఒకే వాలు ఉండాలి. ఒక పక్కవి అరిగి పొట్టివైపోతే కోత నేరుగా దిగదు. పొడుగు పళ్ళున్న పక్కకు వంగిపోతుంది. కోసేవాడు ఎంత గట్టిగా పట్టుకున్నా సరే, వంగుతుంది.

అట్లాంటి నా దగ్గరికి అమ్మ బతిమాలి బతిమాలి సామేలు బావను పంపింది. కష్టపడితే బుద్ధి వస్తుందని పెద్దలు చెప్పారట. బావకు వచ్చింది ఆకలి మాత్రమే. మొదటి సాయంత్రమే కడుపునిండా తిని కూర్చుంటే ఓబులేసు మాటకు మాటగా అడిగాడు.

"ఏమప్పా సామేలన్నా, ఇంటికాడ సంగటి కెలికేది ఎవురు?"

బావ వేళ్ళు నాకుతూ చెప్పాడు. "నా పెండ్లామే కెలుకుతాండె. ఇప్పుడు దానికి మణికట్టు తిరగదులే. ఒగ దినం సంగటి గడ్డలు కట్టింది. కెలికే కట్టె పీక్కోని దాంతోనే ఒగటి పెట్టినా. టప్పుమనె. అయ్యో, కట్టె ఇరిగెనేమో అని సూసినా. కట్టె బాగుండాది!"

అని తొడ చరుచుకొని నవ్వాడు. నేను పక్కనే ఉన్నాను అక్కా. దాని తమ్ముడు ఇక్కడే కూర్చున్నాడే అన్న జంకు కూడా లేదు. షెడ్డులో కొందరు నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. "కట్టె బాగుండాదంట!" అని మళ్ళీ చెప్పి మరీ నవ్వాను. నా నవ్వు చూసి బావకు సంతోషమైంది, "నీ మాదిరి బామ్మర్ది ఎవునికి దొరుకుతాడు రా" అని నా వీపు తట్టాడు. మరునాడు పొద్దున్నే ఆయన చైను తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

కొత్తవాడు కాబట్టి బావకు చెట్టు పడగొట్టే పని ఇవ్వలేదు, పడిన మానులను ముక్కలు కోసే పని ఇచ్చారు. నేను రోజూ ఆయన చైనులో ఎడమ పళ్ళకు ముద్దుగా ఒంటిగంట వాలు పెట్టేవాణ్ణి. కుడి పళ్ళను అడ్డదిడ్డంగా తోసి పొట్టి చేసేవాణ్ణి. ఒక్కసారిగా కాదు, దినానికి కొంచెం. బావ కోత ఎడమకు వంగడం మొదలైంది. మొదట ఎవరికీ కనపడనంత. తరువాత దోసకాయ చీలినట్టు. తరువాత బద్ద మానులో ఇరుక్కొని, బావ కాలితో తన్ని, చేత్తో లాగి, బూతులు తిట్టి, చెమటలు కక్కేదాకా వచ్చింది.

"ఈ మిషను సెడిపోయిండాది రా జక్కా" అన్నాడు.

"ఉండు బావా, సూద్దాం" అని ఆ మిషను తెచ్చి, మంచి చైను తొడిగి ఓబులేసు చేతికిచ్చాను. వాడు గీత గీసినట్టు కోశాడు. వెనక్కి తెచ్చి పాత చైను తొడిగి మళ్ళీ బావకిచ్చాను. దోసకాయ చీలింది. నేను తల గోక్కుంటూ ఆయన చుట్టూ తిరిగి, భుజం చూసి, మోచెయ్యి చూసి, ఏమీ అనకుండా ఉండిపోయాను. ఏమీ అనకుండా ఉండటంలో ఉన్న విషం మాటలో లేదక్కా.

"ఏంది రా అట్ల సూస్తాండావు?"

"ఏం లేదులే బావా."

"సెప్పు రా!"

"మిషను బాగుండాది. కట్టె బాగుండాది. ఇంగ మిగిలింది నీ చెయ్యే."

రోజంతా కోత మిషను పట్టినవాడికి సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కుతాయి, వణుకుతాయి. మాకందరికీ అంతే, అలవాటైపోయింది. కొత్తవాడికి తెలియదు కదా. ఆ సాయంత్రం నీళ్ళ గ్లాసు నింపి ఆయన కుడిచేతికిచ్చి, చాచి పట్టుకోమన్నాను. నీళ్ళు తొణికాయి. మేం నలుగురం గ్లాసు వైపు చూసి, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఓబులేసుకు నేనేమీ నేర్పలేదు, వాడే అందుకున్నాడు.

"మా పెదనాయనకు ఇట్లనే మొదులాయ" అన్నాడు, పొయ్యిలో కట్టె సర్దుతూ.

"ఏంది మొదులాయ?" అన్నాడు బావ.

"ఏం లేదులే అన్నా, తిను."

"ఇప్పుడు మీ పెదనాయన యాడుండాడు?"

"యాడుంటాడు, మంచంలో. పాపం, శానా మంచోడు. మూతి ఒగ పక్కకు పోయింది."

అప్పటినుంచి బావ పని మధ్యలోనే అద్దం చూసుకోవడం మొదలుపెట్టాడు, మూతి పోయిందేమో అని. నిద్ర తగ్గింది. ఎడమచేత్తో కుడిచేతిని గిల్లి చూసుకుంటాడు, నొప్పి పుడితే సంతోషం, కాసేపటికి మళ్ళీ గిల్లుకుంటాడు. చెయ్యంతా కందిపోయింది. "బావా, కందిపోతే రక్తం ఆగినట్టంట" అన్నాను. నాకు ఆ రోజుల్లో ఎంత బాగా నిద్ర పట్టిందో.

చివరికి పక్క పల్లెలో వాతలు పెట్టే ముసలాయన దగ్గరికి తానే బయలుదేరాడు. సంఘంలో తెలిస్తే ఊరుకోరని భయపడుతూనే, తలకు తువ్వాలు చుట్టుకొని మరీ పోయాడు. తోడు నేనే. ముసలాయన పసుపు కొమ్ము నిప్పులో కాల్చి, బావ భుజం మీద ఒకటి, మోచేతి పైన ఒకటి, మణికట్టు మీద ఒకటి పెట్టాడు. బావ "ఓ యేసయ్యా" అని అరిచిన అరుపుకు చెట్ల మీది కొంగలు లేచిపోయాయి. కాళ్ళు పట్టుకున్నది నేనే. ఏడుస్తున్నట్టు మొహం పెట్టి పట్టుకున్నాను. మణికట్టు మీద పెట్టేటప్పుడు మాత్రం, "తాతా, ఈడ సరిగా తగల్లేదు, ఇంగోటి పెట్టు" అన్నాను. ఆయన పెట్టాడు. అది నీ లెక్కలో జమ చేసుకో అక్కా.

ఇది ఇంకా సాగేదే. మాబూ భాయ్ పట్టేశాడు. వంకర ముక్కలు చూసి విసుగొచ్చి, ఒక మధ్యాహ్నం బావ చైను తీసి, ఎండకు పట్టి, గోరుతో ఒక్కొక్క పన్ను తడుముతూ వచ్చాడు. తిరిగి నా మొహం చూశాడు.

"క్యా రే జక్కరయ్యా. ఈ పక్క కుక్క పండ్లు, ఆ పక్క పాలపండ్లు. నీ చెయ్యి తప్పిందా, బుద్ధి తప్పిందా?"

"చెయ్యి తప్పలేదు భాయ్."

"వాడు నీ బావ గదప్పా!"

"అందుకే భాయ్."

ఆ మొదటి సాయంత్రం బావ చెప్పిన కట్టె కథ మాబూ భాయ్ కూడా విన్నాడు. చైను నా ఒళ్ళో పడేశాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు. "సూడు, వంకర కోతలో బద్ద బిగుసుకొనె అనుకో, మిషను ఎగిరి వాని గొంతుకాడికి వస్తాది. వాని శవాన్ని నువ్వు మోస్తావా, నేను మొయ్యల్నా?"

"ఇద్దరికీ కాదులే భాయ్, శానా లావుగా ఉండాడు" అన్నాను.

ఒకటి పెట్టాడు చెంప మీద. న్యాయమైన దెబ్బే. ఇప్పుడే సరిచెయ్యి, ఈ వారంలోగా వానికి నీ నోటితోనే నిజం చెప్పు, లేకపోతే నేను చెబుతా అన్నాడు. అక్కడే కూర్చొని ఎడమ పళ్ళన్నీ కుడి పళ్ళంత పొట్టిగా అరగదీశాను. రెండు పక్కలా ఒకే వాలు, ఒకే పొడవు. ఓబులేసు వేసి చూశాడు, నేరుగా దిగింది. మంచి చైను సగం ప్రాణం అట్లా పోయింది. నాకు చైను మీద జాలేసింది.

బావ మాత్రం మిషను ముట్టనన్నాడు. అప్పటికే కుడిచేతిని మెడలో తువ్వాలుకు వేలాడదీసుకొని, షెడ్డులో గోడకు ఆనుకొని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎడమచేత్తో తింటాడు, సగం ఒళ్ళో పోసుకుంటాడు. ఆ చేతికి ఈగ వాలితే మాత్రం చప్పున దులుపుకుంటాడు. తాను దులుపుకున్నది తనకే తెలియదు.

నిన్న పొద్దు వాలే వేళ నిజం చెప్పేద్దామని ఆయన పక్కన కూర్చున్నాను. మిగతావాళ్ళు బోరు దగ్గర స్నానాలకు పోయారు. "బావా, నీకొక మాట చెప్పల్ల" అన్నాను. నేను ఇంకా నోరు తెరవకముందే ఆయన కొండల వైపు చూస్తూ అన్నాడు.

"జక్కా, ఈ చేత్తోనే గద రా మీయక్కను కొట్టింది. దేవుడు సూసినాడు రా. అందుకే తీసుకుంటాండాడు. ఒగే ఒగసారి ఇంటికి పోతే మీయక్క కాళ్ళు పట్టుకుంటా. ఈ చెయ్యి లేకున్నా ఆ చేత్తో పట్టుకుంటా."

అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.  అంత మారిన మనిషికి అదంతా నా ఆట అని ఎట్లా చెప్పేది? లేచి వచ్చేశాను.

శనివారం బస్సుకు బావ ఊరికి వస్తున్నాడు. ఆదివారం పెద్దల ముందుకూ అట్లాగే, మెడలో తువ్వాలుతో వస్తాడు.

అక్కా, ఇటు ఎవరైనా వస్తుంటే నాకు నీ చేతి చెనక్కాయల పొడి కొంచెం, పాత నూలు చీర గుడ్డ ఒకటి పంపు. ఆకురాళ్ళు చుట్టి పెట్టడానికి నూలుగుడ్డే మంచిది, తుప్పు పట్టదు. అమ్మ పాదాలకు నా తరఫున నువ్వు వంగి దండం పెట్టు, నేను వచ్చినాక నీకు తిరిగి పెడతాను. కర్నూల్లో చదువుకునే నీ బిడ్డకు బాగా చదవమని చెప్పు, మామ మాదిరి కోణాల దగ్గర ఆగిపోవద్దని చెప్పు. సంఘ పెద్దలకు వందనాలు. రాహేలమ్మకు కూడా, ఎట్లాగూ వింటూనే ఉంటుంది. నా కోసం ప్రార్థన చేసుకోండి. నేను బాగున్నాను.

మీ దీవెనల కోసం చెయ్యి చాచి,
మీసం లేని తమ్ముడు
జక్కరయ్య

అక్కా, ఇంకా కవరు అంటించలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

రాసినది నిన్న ఓబులేసుకు చదివి వినిపించాను. బావ మాట దగ్గరికి వచ్చేసరికి వాడు పొయ్యి ముందు కూర్చొని భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. "శానా బాగ రాసినావన్నా. ఇది సదివితే అక్క తప్పకుండా పోతాదిలే" అన్నాడు. అప్పుడు నాకు భయమేసింది. ఇంతవరకు చైను మీదా, బావ మీదా ఆడినప్పుడు వెయ్యని భయం.

ఉత్తరం చివర ఒక మంచి మాట ఉండాలని, నువ్వు చదివి ఒక్క పూటైనా సంతోషపడతావని రాశాను. రాసినాక చూసుకుంటే బాగానే ఉంది. నిజం కన్నా బాగుంది. నువ్వు నమ్ముతావు. ఆదివారం తువ్వాలు చూసి పెద్దలు అయ్యో అంటారు, వాతలు చూసి అమ్మ ఏడుస్తుంది, కాలూచెయ్యీ పడిపోయినవాణ్ణి వదిలేస్తావా అని రాహేలమ్మ కూడా నిలదీస్తుంది. ఆ తువ్వాలు వేయించింది నేనే. నిన్ను తీసుకుపోవడానికి ఆయనకు నా చేతులతో నేనే దారి వేసిపెట్టినట్టైంది. కాబట్టి తెలుసుకో, ఆ చేతికి ఏమీ కాలేదు. కాలిన మచ్చలు తప్ప. ముందెంత బలముండేదో ఇప్పుడూ అంతే ఉంది. పెద్దల ముందర ఆ చేతి మీద ఒక ఈగను వాలనివ్వు, అందరికీ తెలుస్తుంది.

మొన్న సాయంత్రం నేను నిజం చెప్పబోయి ఆగిపోయిన మాట వాస్తవమే. ఆయన కొండల వైపు చూస్తూ మాట్లాడిన మాటా వాస్తవమే. ఆయన అన్నది ఇది.

"చెయ్యి పోతే పోనీలే రా జక్కా. కూడు తినిపించేదానికి, కడిగేదానికి, ఎత్తి కుచ్చోబెట్టేదానికి మీయక్క ఉండాది గదా. ఎడం చెయ్యి బాగనే ఉండాదిలే, మాట ఇనకుంటే అది సాలు. ఫోన్ చేసి ఇంటికి పోయి ఉండమను."

కన్నీళ్ళు లేవు. దేవుని పేరు ఎత్తలేదు. కాళ్ళు పట్టుకుంటానన్న మాట నేను పుట్టించింది.